దొర గీకిన గోడ

మా ఇంట్లో తాబేలు ఉన్న సంగతి బయట ఎవరికీ తెలియకూడదని యూనస్ నాకు చెప్పిన సాయంత్రమే, అలాంటి తాబేళ్ళను వెతకడానికి వచ్చిన అమ్మాయికి నేను టీ పెట్టాను.

యూనస్ నా కొడుకు. నందిగామలో కారు పెట్టుకుని కిరాయికి తిప్పుతాడు. ఆ జూన్‌లో వాడికి ఒక సీజను మొత్తానికి బేరం కుదిరింది. రాజ్యశ్రీ అని, యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. తొలకరి నుంచి వానలు వెనకబట్టే దాకా జగ్గయ్యపేట చుట్టుపక్కల గుట్టలన్నీ తిరగాలట. ఆ అమ్మాయి మా ముందుగదిలో కూర్చుని ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నల్లటి డిప్ప, దాని మీద ఒక్కో బొడిపె నుంచి చుట్టూ పరుచుకున్న పసుపు గీతలు.

"దీన్ని నక్షత్ర తాబేలంటారు పెద్దమ్మా. ఎప్పుడన్నా చూసారా?"

వంటింట్లో నా కోడలు రమీజా చేతిలోంచి గరిటె జారిపడింది.

"టీవీలో చూసా" అన్నాను.

అదే సమయంలో పెరట్లో, బట్టలుతికే బండ వెనక, మా దొర గోడ గీకుతున్నాడు. గర్రు గర్రుమని ఆ చప్పుడు ముందుగదిలోకి వినబడుతూనే ఉంది.

"ఏంటది?" అంది రాజ్యశ్రీ.

"ఎలకలు మేడమ్. ఈ వీధంతా ఎలకలే" అన్నాడు యూనస్.

దొరను తెచ్చింది మా ఆయన జాన్‌బాషా. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి క్వారీలో టిప్పర్ నడిపేవాడు. ఒక సాయంత్రం ఖాకీ చొక్కాలో చుట్టి తెచ్చాడు. మీద రాయి పడి డిప్ప వెనక అంచు ముక్క విరిగింది. "ఇంకో ట్రిప్పు లోడు పడితే అయిపోయేది. నాతో వస్తానంది, తెచ్చా" అన్నాడు. తీరిగ్గా నాలుగడుగులు వేసి, తల ఎత్తి చూసి, మళ్ళీ నాలుగడుగులు వేసే దాని నడక చూసి దొర అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆయన పోయాక దొరకు నేను, నాకు దొర మిగిలాం. రోజూ దోసకాయ ముక్క చేత్తో పట్టుకుంటే వచ్చి తినేవాడు. ఏటా తొలకరి వాసన తగలగానే మాత్రం తిండి మానేసి పెరటి గోడ ఒక మూలకు పోయి గీకేవాడు. ఎప్పుడూ అదే మూల. చల్లదనానికేమో అనుకునేదాన్ని.

రాజ్యశ్రీ వెళ్ళాక యూనస్ తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"విన్నావుగా? ఇంట్లో దొరికితే జైలంట. వండుకు తిన్నా పెంచుకున్నా కేసు కేసేనంట."

"పెంచుకున్నోళ్ళకీ వండుకున్నోళ్ళకీ తేడా లేదంట్రా?"

"నన్నడుగుతావేంటి, నేనేమన్నా జడ్జీనా? ఎల్లుండి ఆమెతో ఫారెస్టు వాళ్ళు కూడా వస్తారు. ఇంటి ముందే కారెక్కుతారు. ఈలోపు దాన్ని ఎక్కడో ఒకచోట వదిలి రావాలి."

ఎక్కడ వదలాలో చెప్పింది నేనే. తాబేలు కదా, కృష్ణ ఒడ్డున వదిలితే సుఖపడుతుంది అన్నాను. మర్నాడు పొద్దు వాలాక గంపలో పెట్టి తువ్వాలు కప్పి చెవిటికల్లు తీసుకెళ్ళాం. ఒడ్డున నల్లరేగడి, పచ్చటి చేలు, పక్కనే నీళ్ళు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. దొరను నీళ్ళ అంచున దించాను. వాడు నీళ్ళ వైపు కనీసం తల తిప్పలేదు. కాళ్ళకు అంటుకున్న బురదతోనే వెనక్కి తిరిగి, మేము వచ్చిన దారి వైపు నిలబడ్డాడు.

"కొత్త కదా, మొహమాటపడతన్నాడు" అన్నాను.

"పద అమ్మా" అన్నాడు యూనస్.

ఇంట్లో నాకు కాలు నిలవదు. ఆయన పోయినప్పటి నుంచి అంతే. వేసిన తాళం మళ్ళీ లాగి చూస్తాను, ఆరిన బట్టలు మళ్ళీ ఆరేస్తాను. నన్ను ఒకచోట కూర్చోబెట్టడానికే రమీజా మధ్యాహ్నాలు పలక ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. అవి వచ్చాక ఇంట్లో కూర్చోవడం ఇంకా కష్టమైంది. బయట అన్ని బోర్డులుంటే ఇంట్లో క్యాలెండరు ఎన్నిసార్లు చదువుతాం? అందుకే, గుట్టల్లో తోడుగా ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని రాజ్యశ్రీ అనగానే యూనస్ ఆలోచించకుండా "మా అమ్మ వచ్చిద్ది మేడమ్" అనేశాడు. తర్వాత నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే నేను టిఫిను క్యారియరు సర్దేశాను.

హైవే మీద పోతుంటే రాజ్యశ్రీ ఒడిలో పెద్ద ఫోను పెట్టుకుని పటం చూపించేది. కొన్ని చోట్ల ఎరుపు, కొన్ని చోట్ల పసుపు, మిగతాదంతా తెలుపు.

"ఎర్రగా ఉన్నచోట తాబేలు ఉండొచ్చు పెద్దమ్మా. తెల్లగా ఉన్నచోట ఉండదు."

"నువ్వెళ్ళి చూసొచ్చావా?"

"లేదు. ఇదివరకు అక్కడక్కడా కనబడిన చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ వాన ఎంత, ఎండ ఎంత, నేల రాయా రేగడా, ముళ్ళపొదలు ఉన్నాయా, వాలు ఎటుంది, అన్నీ లెక్కేసి, అట్టాంటి చోటు ఇంకెక్కడుందో కంప్యూటర్ చెప్పిద్ది."

"పిల్లను చూడకుండా, వాళ్ళ ఊరి నీళ్ళూ నేలా అడిగి ఖాయం చేసుకోడం అన్నమాట."

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "అంతే. అందుకే పెళ్ళిచూపులకు వచ్చా."

"మరి ఏటి ఒడ్డున తెల్లగా ఉందేంటి? తాబేలుకు నీళ్ళు కావాలిగా?"

"నీటి తాబేళ్ళు వేరు. ఇది మెట్ట తాబేలు. దీనికి ఈత రాదు. రాళ్ళూ, ముళ్ళూ, వాన కాస్త తక్కువ పడే నేల కావాలి. రేగడిలో వానాకాలం బతకడమే కష్టం."

అద్దంలో యూనస్ నా వైపు చూశాడు. నేను బయటకు చూశాను. ఏదో డాబా బోర్డు వచ్చింది. చదవబోయాను, అక్షరాలు కూడలేదు.

పటంలో ఎర్రగా ఉన్న చోట్లన్నిటా తాబేలు లేదు. ఒక ఎర్ర మచ్చ దగ్గరకు పోతే గుట్టకు బదులు పెద్ద గొయ్యి ఉంది. ఇంకో చోట పొదలన్నీ తెల్లటి రాతిపొడి కప్పుకుని ఉన్నాయి. రాజ్యశ్రీ వంగి, పొద కింద చూసి, లేచి, చెమట తుడుచుకుని ఇంకో పొద దగ్గరకు పోయేది. మొదట్లో నేను చెట్టు కింద కూర్చున్నాను. తర్వాత కూర్చోలేక నేనూ ఒక కర్ర పట్టుకుని వంగడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి అనుకుంది నేను తనకు సాయం చేస్తున్నానని.

మొదటి గట్టి వాన పడిన మర్నాడు గరికపాడు ఇవతల ఒక వాలులో మొదటి తాబేలు దొరికింది. బలుసు పొద కింద, తడిసి, మిలమిలలాడుతూ. రాజ్యశ్రీ మోకాళ్ళ మీద కూలబడిపోయింది. కొలిచింది, తూచింది, ఫొటోలు తీసింది. అంతసేపూ అది తల లోపలికి లాక్కుని రాయిలా ఉంది. పని అయ్యాక ఆ అమ్మాయి దాన్ని తీసిన చోటే, తీసినప్పుడు ఎటు తిరిగి ఉందో అటే తిప్పి పెట్టింది.

"అంత పట్టింపెందుకు?" అన్నాను.

"ఇవి పుట్టిన చోటు గుర్తుపెట్టుకుంటాయి. దూరంగా వదిలితే కొన్ని తిండి మానేసి వెనక్కే నడుస్తాయి. గోడ అడ్డమొస్తే గోడ దగ్గరే ఆగిపోతాయి."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లోకి వెళ్ళాను. గోడ మూల సున్నం రాలిపోయి, ఇటుక దాకా గీతలు పడి ఉన్నాయి.

"రమీజా, జగ్గయ్యపేట ఎటే?"

వంటింటి గుమ్మంలోంచి రమీజా గరిటెతోనే చూపించింది. సరిగ్గా ఆ మూలకే.

"ఎందుకత్తయ్యా?"

"ఏం లేదు, అన్నం పెట్టు" అన్నాను. పెట్టింది. తినలేకపోయాను.

చెవిటికల్లు తీసుకెళ్ళమని యూనస్‌ను అడిగాను. మర్నాడూ అడిగాను. "వదిలేసిన దాని కోసం ఎవరన్నా పోతారా? పోయి పొలాల్లో ఏం వెతుకుతావు, చెవిపోగా?" అన్నాడు. వాడికి చెప్పకుండా ఒకసారి కంచికచర్ల దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాను. ఒడ్డంతా తిరిగాను. చేలు మోకాలెత్తు పెరిగాయి, అడుగేస్తే చీలమండ దాకా బురద. అంతలో వాన ఎత్తుకుంది. చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి వచ్చేశాను. ఆ బురదలో నేనే నడవలేకపోయాను.

ఇంతలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఒక లారీలో ఉల్లిపాయ బస్తాల కింద నక్షత్ర తాబేళ్ళు పట్టుబడ్డాయి. బుట్టలకు బుట్టలు. ఎక్కడి నుంచి తెస్తున్నారో డ్రైవరుకే తెలియదట. వాటిని ఎక్కడో ఒకచోట అడవిలో వదలాలి. ఫారెస్టు ఆఫీసరు ప్రేమానందం గారు మా కారులోనే వచ్చి రాజ్యశ్రీ పటం చూశారు.

"మీ ఎర్రరంగు ఉన్నచోటల్లా క్వారీలోళ్ళతో పేచీనే అమ్మా. నీళ్ళూ దారీ ఉన్న చోటేదన్నా చూపించండి, రెండు రోజుల్లో వదిలేద్దాం."

"చోటు నేను చూపించేది కాదండి. వాటికి సరిపడాలి."

"పాపం అవి బుట్టల్లో మగ్గిపోతన్నాయి, మీరు సరిపడాలంటారు" అని ఆయన నవ్వారు. చెడ్డమనిషి కాదు. నిజంగానే వాటి కోసమే తొందరపడుతున్నారు.

శ్రావణంలో ఒక పొద్దున రాజ్యశ్రీ మా ఇంటికి ఉరుకులు పరుగుల మీద వచ్చింది. చెవిటికల్లులో దశరథరామయ్య అనే రైతు తన చేలో నక్షత్ర తాబేలు దొరికిందని ఫొటో పంపాడట.

"తెల్లగా ఉన్న చోట పెద్దమ్మా. నా పటం ఉండదు అన్న చోట" అంది. ఆ గొంతులో సంతోషమో భయమో నాకు తెలియలేదు. ఫొటోలో డిప్ప వెనక అంచు కనబడటం లేదు. చూడక్కర్లేదు.

దారి పొడుగునా యూనస్ గేరు మార్చినప్పుడల్లా కారు ఎగిరెగిరి పడింది.

మేము వెళ్ళేసరికి ప్రేమానందం గారు అక్కడే ఉన్నారు. దశరథరామయ్య గట్టు మీద తట్ట బోర్లించి, దాని మీద కాలు పెట్టి నిలబడ్డాడు. తట్ట తీశాడు. దొర. చిక్కిపోయాడు. కాళ్ళకు రేగడి గడ్డకట్టి, గోళ్ళు కనబడటం లేదు.

"మా చేలో నీటి తాబేళ్ళను బోలెడు చూసా గానీ ఇట్టా ముగ్గేసినదాన్ని చూళ్ళేదమ్మా. ఇక్కడే పుట్టి ఉంటది. మా రేగడిలో ఏదైనా పుడద్ది" అన్నాడు.

"ఇంకేముంది మరి" అన్నారు ప్రేమానందం గారు. "ఇక్కడ దొరికింది కాబట్టి ఇక్కడ బతుకుద్ది. నీళ్ళున్నాయి, దారుంది, రైతులు మంచోళ్ళు. ఆ బుట్టలన్నీ ఇక్కడికే తెచ్చేద్దాం."

రాజ్యశ్రీ దొరను చేతిలోకి తీసుకుంది. దొర తల లోపలికి లాక్కున్నాడు.

"ఎవరన్నా తెచ్చి వదిలారేమో అనిపిస్తంది సార్. కానీ రుజువు లేకుండా ఇది దొరికిన చుక్కను పటంలోంచి తీసెయ్యలేను. తీసేస్తే నాకు నచ్చినవే ఉంచుకున్నట్టు అవుద్ది. నాకున్నవే గుప్పెడు చుక్కలు. ఇది కలిపితే ఒడ్డు పొడుగునా ఎరుపెక్కిద్ది."

"ఎరుపెక్కనియ్యండి. మంచిదేగా."

నేను ఏటి వైపు చూశాను. నీళ్ళు మేము వచ్చిన రోజు కంటే దగ్గరగా ఉన్నాయి. యూనస్ కారుకు ఆనుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు. చాలా చిన్నగా, నాకొక్కదానికే తెలిసేటట్టు.

"అమ్మాయ్, దాన్ని కింద పెట్టు ఒకసారి" అన్నాను.

రాజ్యశ్రీ గట్టు మీద పెట్టింది. నేను టిఫిను మూత తీసి దోసకాయ ముక్క తీసుకున్నాను. ఇంత మందిలో బయటికి రాడేమో అని ఒక ఆశ కూడా కలిగింది. రెండు బారల దూరంలో గొంతుక్కూర్చుని ముక్క పట్టుకున్నాను.

"దా దొరా" అన్నాను.

ముందు ముక్కు వచ్చింది, తర్వాత మెడ. ప్రేమానందం గారి బూట్ల పక్కనుంచి, రైతు పంచె అంచు కిందనుంచి, నాలుగడుగులు వేసి, తల ఎత్తి, మళ్ళీ నాలుగడుగులు వేసి నా దగ్గరకు వచ్చి నా చేతిలోని ముక్క కొరికాడు.

నమిలి, ఇంకో ముక్క కోసం తల ఎత్తాడు.

"అడివిలోది మనిషి చేతిలో తినదు" అని రాజ్యశ్రీ మెల్లిగా అంది. నన్ను అడగలేదు.

"మా ఆయన క్వారీలో రాళ్ళ కింద నుంచి తెచ్చాడు. జగ్గయ్యపేట అవతల. పెంచింది నేను, ఇక్కడ దించింది నేను" అన్నాను. "తాబేలంటే నీళ్ళే అనుకున్నా."

దశరథరామయ్య "ఓర్నీ" అన్నాడు. కారు తలుపు దభాలున పడింది. యూనస్ లోపల కూర్చున్నాడు.

దొరను ఫారెస్టు వాళ్ళు తీసుకెళ్ళారు. ఆ మధ్యాహ్నం ప్రేమానందం గారు మా ఇంటికి వచ్చి పెరడు చూసి, గోడ చూసి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. కొడుక్కేమన్నా తెలుసా అన్నారు. కారు నడిపాడు, గంపలో ఏముందో నేను చెప్పలేదు అన్నాను. ఆయన యూనస్ మొహం చూసి, కళ్ళజోడు తుడుచుకుని, అదే రాసుకున్నారు. వేలిముద్ర పెట్టడానికి డబ్బా తీయబోతే వద్దని చెప్పి, పెన్ను తీసుకుని లాల్‌బీ అని రాశాను. రాసింది మళ్ళీ ఒకసారి చదువుకున్నాను.

ఆయన వీధి మలుపు తిరిగాక యూనస్ అన్నాడు, "పేరు రాయడం నేర్చుకుంది ఇందుకన్నమాట." ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు.

వాడి బాధ వాడిది. కేసు తేలే దాకా మా కారు వాడొద్దని పైనుంచి మాట వచ్చింది. రాజ్యశ్రీ వేరే బండిలో తిరిగింది. యూనస్ స్టాండులో కారు పెట్టుకుని బేరాల కోసం చూసేవాడు. ఇంటికొచ్చి రమీజాతోనే చెప్పేవాడు, నేను ఎదురుగా ఉన్నా సరే: "నీళ్ళు తోడమని చెప్పు." "అన్నం తినమని చెప్పు." రమీజా నా వైపు తిరిగి అదే మాట మళ్ళీ చెప్పేది. ఒకసారి విసుగొచ్చి, "అత్తయ్యా, మీ అబ్బాయి పక్కింట్లో ఉంటన్నాడంట, మీకేమన్నా కబురుందా?" అంది. వాడు నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది గానీ బయటికి రాలేదు. గోడ మూలకు పోయి కూర్చునేదాన్ని. కూర్చోలేక లేచేదాన్ని.

ఆగస్టు ఆఖర్లో ఏకధాటిగా వానలు పట్టాయి. మున్నేరు రోడ్డెక్కింది, కృష్ణ ఒడ్డు దాటింది. ఆ వరదలోనే దశరథరామయ్య రాజ్యశ్రీకి ఫోను చేశాడట. తట్ట బోర్లించిన గట్టే కనబడటం లేదు, చేలో నడుంలోతు నీళ్ళు నిలిచిపోయాయి అని. ఆ మాట ఆ అమ్మాయి నాకు చెప్పింది. నేను వంటింట్లో రమీజాకు చెప్పాను, కాస్త గట్టిగా. ముందుగదిలో యూనస్ టీవీ సౌండు తగ్గించాడు.

తెచ్చిన మనిషి లేడు, తాబేలు తిరిగి ఇచ్చేశారు కాబట్టి హెచ్చరికతో వదిలేస్తున్నామని తర్వాత కొన్నాళ్ళకు కబురొచ్చింది. దాంతోపాటే రాజ్యశ్రీ ఫోను. గరికపాడు ఇవతలి ఆ వాలు ఖాయమైందట. క్వారీ వైపు కంచె వేశారట. బుట్టల్లోవి విడతలుగా వదులుతున్నారు. డాక్టరు చూసి బాగుందన్నాక దొరను కూడా. "మీరు వస్తే బాగుంటది పెద్దమ్మా" అంది.

"అత్తయ్యకు బస్సులో కష్టం" అని రమీజా ఎవరితోనో అన్నట్టు అంది. యూనస్ లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

దారంతా నేను బోర్డులు చదువుకున్నాను.

వాలు మీద సన్నగా చినుకులు పడుతున్నాయి. రాజ్యశ్రీ దొరను నా చేతికిచ్చింది. కాళ్ళ రేగడి పోయింది, గోళ్ళు కనబడుతున్నాయి, గోడ మీద అరిగిపోయిన ఆ పొట్టి గోళ్ళు. ఆయన తెచ్చిన చోటు సరిగ్గా ఇదే అని చెప్పలేను. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అదే రాయి, అదే ముళ్ళు. బలుసు పొద పక్కన దించాను.

దొర కదల్లేదు. తల బయట పెట్టి నా చేతుల వైపు చూస్తున్నాడు.

నా చెంగులో దోసకాయ ముక్క ఉంది.

"ఇప్పుడు మాత్రం పెట్టొద్దు పెద్దమ్మా" అంది రాజ్యశ్రీ. "పెడితే మీ వెనకే వచ్చిద్ది."

వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి కారెక్కాను. ముక్క చెంగులోంచి చేతిలోకి తీసుకున్నాను. ఏం చెయ్యాలో తెలియక అట్టే పట్టుకున్నాను. అద్దం మీద చినుకులు, బయట ఏమీ సరిగా కనబడటం లేదు. యూనస్ వైపరు వేశాడు. ఒకసారి అద్దం తుడుచుకుంది. బలుసు పొద పక్కన ఏమీ లేదు, తడిసిన రాయి తప్ప.

యూనస్ చెయ్యి చాచాడు.

"అది ఇటివ్వు" అన్నాడు.

ఇచ్చాను. కొరికి నమిలాడు. మొహం చిట్లించాడు.

"చేదుగా ఉంది. ఇట్టాంటిదా వాడికి పెట్టేది?"

"వాడెప్పుడూ అనలేదే" అన్నాను.

మిగతా ముక్క కూడా నోట్లో వేసుకుని కారు స్టార్ట్ చేశాడు.